సూర్యరశ్మి, ఊరి గణకశాల, పొగ పద్దు

కిరసనాయిలు బుడ్డి ఒక లీటరు నూనె త్రాగునప్పటికి సుమారు రెండున్నర కిలోగ్రాముల బొగ్గుపులుసు వాయువును గాలిలో కలుపును. లీటరు నూనె బరువు కిలోగ్రామైనను లేదు కదా, రెండున్నర కిలోల వాయువెట్లు పుట్టునని పాఠకులు అడుగవచ్చును. నూనెలో నున్న కర్బనము మండునప్పుడు గాలిలోని ఆమ్లజనితో కూడును. 12 పాళ్ల కర్బనము 32 పాళ్ల ఆమ్లజనితో కలిసి 44 పాళ్ల బొగ్గుపులుసు వాయువగును. గాలినుండి చేరిన ఆమ్లజని బరువే ఈ పెరుగుదలకు కారణము.

ఈ చిన్న లెక్కపై నేడు ప్రపంచమున ఒక పెద్ద వర్తకము సాగుచున్నది. ఒకచోట ఒక టన్ను వాయువు పుట్టకుండ మాన్పినవారు అందులకు పత్రము పుచ్చుకొని, దానిని వేరొకచోట టన్ను వాయువు వదలువానికి అమ్ముదురు. దీనికి కర్బన పరిహారమని పేరు. ఈ వర్తకము పుట్టిన రోజులలోనే, కరెంటు సరిగా అందని పల్లెలలో సూర్యరశ్మి సాయముతో కంప్యూటర్లు నడుపు ఊరుమ్మడి కేంద్రములు కూడ వెలసినవి. ఈ రెంటిని జోడింపవచ్చునని పలువురికి తోచెను. పల్లెలో డీజిలు యంత్రమునకు బదులు సౌరఫలకము పెట్టుదుము, మిగిలిన పొగను పట్నమువానికి అమ్ముదుము, ఆ డబ్బుతో పల్లె కేంద్రమును నడుపుదుము అనునది వారి యోచన. ఈ యోచనలో ఎంత బలమున్నదో తెలియవలెనన్నచో ముందుగా దాని వెనుకనున్న మూడు కథలు తెలియవలెను.

సౌరఘటము కథ

1839లో ఫ్రాన్సు దేశమున ఎడ్మండ్ బెక్వరెల్ అను పందొమ్మిదేండ్ల యువకుడు ద్రావణములో ముంచిన లోహపు రేకులపై వెలుతురు పడినప్పుడు కొద్దిపాటి విద్యుత్తు పుట్టుట గమనించెను. 1873లో ఇంగ్లండున విల్లొబీ స్మిత్, సెలీనియము చీకటిలో కంటె వెలుతురులో విద్యుత్తును హెచ్చుగా ప్రవహింపనిచ్చునని కనుగొనెను. 1876లో ఆడమ్స్, డే అను ఇరువురు వెలుతురు సోకిన సెలీనియములో విద్యుత్తు దానంతటదియే పుట్టునని చూపిరి. కాని సెలీనియపు ఘటములు తమపై పడిన సూర్యశక్తిలో నూటికి ఒక పాలు విద్యుత్తుగా మార్చుటయే గగనమయ్యెను.

అసలు మలుపు 1954 ఏప్రిల్ 25న వచ్చినది. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో చాపిన్, ఫుల్లర్, పియర్సన్ అను ముగ్గురు సిలికానుతో చేసిన ఘటమును లోకమునకు చూపిరి. అది సూర్యశక్తిలో నూటికి 6 పాళ్లు విద్యుత్తుగా మార్చెను. ఇసుకలో సమృద్ధిగా నుండు సిలికాను అర్ధవాహకము. దానిలో స్వల్పముగా ఒక విధమైన మాలిన్యమును కలిపినచో ఎలక్ట్రానులు మిగులును. వేరొక విధమైనది కలిపినచో ఎలక్ట్రానులకు కొరత కలుగును. ఈ రెండు పొరలు కలిసిన సరిహద్దులో ఒక విద్యుద్బల మేర్పడును. వెలుతురు తాకి విడివడిన ఎలక్ట్రానులను ఆ బలము ఒకే దిక్కునకు నెట్టును. ఆ ప్రవాహమే మనకు కావలసిన విద్యుత్తు. ఇందులో తిరుగు చక్రము లేదు, కాలు ఇంధనము లేదు, పొగ లేదు.

1958 మార్చి 17న అమెరికా ప్రయోగించిన వాన్‌గార్డ్-1 ఉపగ్రహము ఈ ఘటముల ఘనతను చాటినది. అందులో మామూలు బ్యాటరీతో నడచిన రేడియో కొలది వారములలో మూగవోగా, సౌరఘటములతో నడచిన రేడియో 1964 వరకు పలికినది. అయినను ఉపగ్రహమునకు తగినది పల్లెకు తగదయ్యెను. 1977 ప్రాంతమున సౌరఘటముల వెల వాటునకు సుమారు 76 డాలర్లు. ఆ సంవత్సరముననే మన దేశములో సాహిబాబాదులోని ప్రభుత్వ సంస్థ సెంట్రల్ ఎలక్ట్రానిక్స్ లిమిటెడ్ తన తొలి సౌరఘటమును తయారుచేసినది. అటు తరువాత ఉత్పత్తి పెరిగిన కొలది వెల తరిగినది. 2010 తరువాతి సంవత్సరములలో వాటు వెల ఒక డాలరునకు దిగువకు వచ్చినది.

ఊరుమ్మడి కంప్యూటరు కథ

కంప్యూటరు ఒక గదినిండ యంత్రముగా నున్న రోజులలోనే దానిని పదిమందికి పంచవలెనను ఆలోచన పుట్టినది. 1973లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ పట్టణమున ఒక గ్రామఫోను రికార్డుల అంగడిలో ఒక టెలిటైపు యంత్రమును నిలిపి, దానిని శాన్‌ఫ్రాన్సిస్కోలోని పెద్ద కంప్యూటరునకు కలిపిరి. దారిన పోవువారెవరైనను వచ్చి తమకు కావలసినది అడుగవచ్చును, తమకు తెలిసినది అందులో చేర్చవచ్చును. కమ్యూనిటీ మెమరీ అని దాని పేరు. 1985లో స్వీడనులోని వెమ్డాలెన్ అను కొండపల్లెలో ఊరివారందరికి ఉమ్మడిగా కంప్యూటర్ల కేంద్ర మొకటి తెరచిరి. పట్నమునకు వలసపోకుండ ఊరిలోనే యువకులకు పని దొరకవలెనన్నది అచటివారి తలంపు.

మన దేశమున ఈ ప్రయత్నములలో ముందుగా చెప్పుకొనదగినది 1998లో ఎం. ఎస్. స్వామినాథన్ పరిశోధన ప్రతిష్ఠానము పుదుచ్చేరి పల్లెలలో ఆరంభించిన విజ్ఞాన కేంద్రములు. విల్లియనూరు వీనికి నడిమి కేంద్రము. అచ్చట వార్తలను సేకరించి, తమిళములోనికి మార్చి, చుట్టుపట్ల పల్లెలకు పంపెడివారు. టెలిఫోను తీగలు చాలనందున రేడియో తరంగముల ద్వారా సమాచారము పోయెడిది. కరెంటు తరచు నిలిచిపోవుచుండుటచే దానికి తోడుగా సౌరఫలకములను అమర్చిరి. ఎంబాళము అను ఊరిలో స్త్రీలే కేంద్రమును నడిపిరి. వీరాంపట్టినము బెస్తపల్లె. అచటివారికి కావలసినది ధాన్యపు ధర కాదు, మరునాడు సముద్రములో అలల ఎత్తెంత యను సంగతి. అమెరికా నౌకాదళము ప్రకటించు సూచనలను కంప్యూటరులో చూచి, మైకు ద్వారా తీరమంతట వినిపించెడివారు.

2004 డిసెంబరు 26 ఉదయమున ఈ మైకు విలువ లోకమునకు తెలిసినది. పుదుచ్చేరి తీరమునగల నల్లవాడు అను బెస్తపల్లెకు చెందిన వ్యక్తి యొకరు అప్పుడు సింగపూరులో నుండిరి. సునామీ వార్త తెలిసి ఆయన ఊరికి ఫోను చేసెను. వెంటనే విజ్ఞాన కేంద్రపు మైకులో హెచ్చరిక చేసిరి. దాదాపు 500 కుటుంబములవారు తీరము విడిచి లోపలికి పరుగెత్తిరి. ఇండ్లు కూలినవి, పడవలు పోయినవి, కాని మనుష్యులు బ్రతికిరి.

పుదుచ్చేరిలో సౌరఫలకము కరెంటునకు తోడు మాత్రమే. కరెంటు బొత్తిగా లేని తావులలో దానినే నమ్ముకొనవలెను. ఇట్టి కేంద్రములకు ఆఫ్రికా ఖండము పెద్ద ప్రయోగశాల యైనది. 2010లో కంప్యూటర్ ఎయిడ్ ఇంటర్నేషనల్ అను బ్రిటిషు సంస్థ జాంబియా దేశములోని మాచా అను గ్రామీణ ప్రాంతమునకు ఒక వింత గదిని పంపినది. ఓడలలో సరుకు మోయు ఇనుప పెట్టెయే ఆ గది. పైకప్పుమీద సౌరఫలకములు, లోపల బల్లలు, ఒకే కంప్యూటరునకు తగిలించిన పలు తెరలు. ఒక్కొక్కరికి ఒక్కొక్క కంప్యూటరు పెట్టినచో కరెంటు హెచ్చుగా కావలెను కనుక ఈ ఉపాయము పన్నిరి.

ఇట్టి కేంద్రములో ఫలకమునుండి వచ్చిన విద్యుత్తు ఒక నియంత్రకము గుండ బ్యాటరీలోనికి పోవును. ఎండ ఎక్కువైనప్పుడు బ్యాటరీ పొంగకుండ, రాత్రివేళ అది పూర్తిగా వట్టిపోకుండ నియంత్రకము కాపాడును. ఈ ఏర్పాటులో ఫలకము ఇరువదేండ్లకు పైగా పనిచేయును. సీసపు బ్యాటరీ మాత్రము మూడు నాలుగేండ్లలో మార్పు కోరును. ఆ బ్యాటరీ కొనుటకు డబ్బెచటినుండి వచ్చును? కర్బన పరిహారము మాట ఇక్కడనే వచ్చినది.

పొగకు వెలకట్టిన కథ

గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగినచో భూమి వేడెక్కునని 1896లోనే స్వీడను శాస్త్రజ్ఞుడు అర్రేనియస్ లెక్కకట్టెను. 1958లో హవాయి దీవులలోని మౌనా లోవా పర్వతముపై చార్లెస్ కీలింగ్ ఆ వాయువును క్రమముగా కొలువ నారంభించునాటికి గాలిలోని ప్రతి పది లక్షల అణువులలో సుమారు 315 బొగ్గుపులుసు వాయువువి. 2024 నాటికి ఆ సంఖ్య 420 దాటినది.

ఈ వాయువు ఎచ్చట పుట్టినను కొలది కాలములో భూగోళమంతట కలిసిపోవును. అందుచేత న్యూయార్కులో తగ్గించినను, నిజామాబాదులో తగ్గించినను గాలికి ఒకటే ఫలము. కర్బన పరిహారమునకు శాస్త్రీయమైన పునాది ఈ ఒక్క సంగతియే. 1988-89లో ఏఇఎస్ అను అమెరికా విద్యుత్ సంస్థ కనెక్టికట్ రాష్ట్రమున బొగ్గుతో నడచు విద్యుత్కేంద్రము కట్టుచు, దాని పొగకు బదులుగా మధ్య అమెరికాలోని గ్వాటెమాలాలో రైతులచే 5 కోట్ల 20 లక్షల చెట్లు నాటించుటకు ధనమిచ్చినది. ఈ తరహా ఏర్పాట్లలో ఇదియే మొదటిదని చెప్పుదురు. కాని తరువాత పరిశీలించినప్పుడు ఆ చెట్లు ఆశించినంత కర్బనమును పట్టియుంచలేదని తేలినది. విద్యుత్కేంద్రపు పొగ మాత్రము లెక్క ప్రకారము వచ్చుచునే యుండెను.

1997లో జపానులోని క్యోటో నగరమున కుదిరిన ఒప్పందము 2005 ఫిబ్రవరి 16న అమలులోనికి వచ్చినది. ధనికదేశములు బీదదేశములలో పొగ తగ్గించి, ఆ తగ్గింపును తమ ఖాతాలో వ్రాసికొనుటకు అందులో వీలు కల్పించిరి. ఈ ఒప్పందముతో నిమిత్తము లేకుండ తమంత తాముగా పత్రములు కొనువారును బయలుదేరిరి.

ఈ చరిత్రలో మన తెలుగు పల్లెకు కూడ ఒక పుట కలదు. నాటి ఆదిలాబాదు జిల్లాలోని పవర్‌గూడ అను ఆదివాసీ పల్లెలో మహిళా సంఘములవారు కానుగ చెట్లు పెంచి, గింజలనుండి నూనె తీయ మొదలిడిరి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు వారికి తోడ్పడిరి. కానుగనూనె డీజిలునకు బదులుగా ఇంజన్లలో వాడవచ్చును. 2003 అక్టోబరులో వాషింగ్టనులో ప్రపంచ బ్యాంకు జరిపిన ఒక సభకు ప్రతినిధులు వచ్చి పోవుటవలన కలిగిన పొగకు పరిహారముగా, పవర్‌గూడ స్త్రీలు పదేండ్లలో మాన్పగల 147 టన్నుల బొగ్గుపులుసు వాయువును ఆ బ్యాంకు 645 డాలర్లకు కొన్నది. కానుగచెట్టు నీడలో కూర్చుండు స్త్రీల శ్రమకు ప్రపంచ బజారులో వెల పలికినదని పత్రికలు మెచ్చుకొన్నవి. మెచ్చుకొనదగినదే. అయితే టన్నునకు ఎంత పడినదో భాగించి చూడుడు. నాలుగు డాలర్ల నలుబది సెంట్లకు కొంచెము తక్కువ.

ఒక చిన్న లెక్క

ఇప్పుడు మన ఊరి గణకశాలకు వత్తము. నాలుగు మేజాబల్ల కంప్యూటర్లు, ఒక్కొక్కటి 100 వాట్లది, రోజునకు ఆరు గంటలు నడచుననుకొందము. రోజునకు 2.4 యూనిట్లు. దీపములు, పంకా కలిపి 3 యూనిట్లు. ఏడాదికి 300 దినములకు 900 యూనిట్లు. చిన్న డీజిలు యంత్రము యూనిట్టుకు సుమారు 0.4 లీటరు నూనె త్రాగును. అనగా ఏడాదికి 360 లీటర్లు. లీటరు డీజిలునుండి సుమారు 2.7 కిలోల బొగ్గుపులుసు వాయువు వచ్చును. మొత్తము 972 కిలోలు. ఒక టన్ననుకొందము.

సౌరఫలకము పెట్టుటవలన గణకశాల ఏడాదిలో మాన్పిన పొగ ఈ ఒక్క టన్ను. పవర్‌గూడ ధరకు దానిని అమ్మినచో నాటి మారకపు విలువలో సుమారు రెండువందల రూపాయలు వచ్చును. ఇందులోనుండి లెక్కలు తనిఖీ చేయువాని ఖర్చు పోవలెను. బ్యాటరీ మాట అటుంచి, బ్యాటరీలో పోయు శుద్ధజలమునకైనను చాలునో చాలదో! ఇంకొక వింత గమనింపుడు. ఈ కంప్యూటర్లను తీసివేసి 25 వాట్లతో నడచు పొదుపైన యంత్రములను పెట్టినచో, వానికి కావలసిన డీజిలు నాలుగవ వంతునకు తగ్గును. దానితోబాటు మాన్పితిమని చెప్పుకొనగల పొగయు తగ్గును. పొదుపు చేసినకొలది అమ్ముటకు సరుకు తక్కువగును.

మరొకవైపు చూడుడు. ఒక మనిషి హైదరాబాదునుండి లండనుకు విమానములో పోయి వచ్చినచో అతని వంతున ఒక టన్నుకు మించి బొగ్గుపులుసు వాయువు పుట్టును. ఊరంతయు ఏడాదిపొడుగున పొదుపుచేసిన పొగ ఒక్కని ఒక ప్రయాణమునకు సరిపడలేదు. ఆ పత్రము కొన్నవాడు నా ప్రయాణము నిర్మలమైనదని తలంచి, రెండవ ప్రయాణమునకు టిక్కెట్టు తీసికొన్నచో గాలికి నష్టమే.

పొగ లేనివాని చిక్కు

పై లెక్కలో ఊరిలో అంతకుముందు డీజిలు యంత్ర మున్నదని అనుకొంటిమి. లేదనుకొనుడు. పవర్‌గూడవంటి అడవిపల్లెలో, మాచావంటి మారుమూలలో కంప్యూటరే లేనప్పుడు దానిని నడుపు డీజిలు మాత్ర మెచటిది? అట్టిచోట సౌరఫలకము పెట్టినందున తగ్గిన పొగ సున్న. పరిహారపు పత్రమునకు మూలసూత్రము, ఈ పథకము లేకున్నచో ఎంత పొగ వచ్చియుండెడిది అను ప్రశ్న. ఏనాడును పొగ వదలనివాడు తగ్గించుటకు ఏమియులేదు కనుక అమ్ముటకును ఏమియులేదు. అందరికంటె తక్కువ తప్పు చేసినవానికి అందరికంటె తక్కువ ప్రతిఫలము!

ఈ అన్యాయము నిబంధనలు వ్రాసినవారికి తెలియక పోలేదు. బీదరికముచేత అణగియున్న అవసరమును కూడ లెక్కలోనికి తీసికొనవచ్చునని క్యోటో యంత్రాంగము 2011లో మార్గసూచనలు చేసినది. అనగా ఆ ఊరికి తగినంత వెలుతురు, తగినంత విద్యుత్తు ఉండియుండినచో ఎంత పొగ వచ్చియుండెడిదో ఊహించి, దానితో పోల్చుదురు. ఇది దయగల ఊహయే. కాని ఊహపై వ్రాసిన పత్రము చేతబట్టుకొని నిజమైన పొగగొట్టము నడచును. ఊహను కొంచెము పెంచినచో పత్రములు పెరుగును, గాలిలో పొగయు పెరుగును. 2024 జనవరిలో ప్రకటితమైన ఒక పరిశోధన, మెరుగైన వంటపొయ్యిలపేర ఇచ్చిన పత్రములను పరీక్షించి, నిజముగా తగ్గిన పొగకంటె సుమారు తొమ్మిది రెట్లు ఎక్కువగా వ్రాసికొన్నారని తేల్చినది. పొయ్యిలు మంచివి కావని దీని యర్థము కాదు. వాని లెక్క మంచిది కాదని మాత్రమే.

ఇక మనము తెలిసికొనవలసినది

ఈ మూడు కథలను కలిపి చూచినచో ఒక సంగతి స్పష్టమగును. ఊరి గణకశాలకు సూర్యశక్తి సరియైన శక్తి. తీగ చేరనిచోట అది చేరును, ఇంధనము మోయవలసిన పని లేదు, ఫలకపు వెల ఏడాదికేడాదికి తగ్గుచు వచ్చినది. అయితే దానిని పొగ పద్దులో ఒక అంకెగా జూపి నిలబెట్టుట సాధ్యము కాదు. అట్లు నిలబెట్టబోయినచో రెండు కీడులు కలుగును. చిల్లర డబ్బు చాలక బ్యాటరీ చచ్చిన నాడు కేంద్రము మూతపడును. చాలించుకొనుటకై లెక్కను సాగదీసిన నాడు గాలి మోసపోవును.

కనుక రెండు ఖాతాలు వేరువేరుగా నుండవలెను. పొగ వదలువాడు ముందు తన పొగను తన ఇంటనే తగ్గించుకొనవలెను. పల్లెకు గణకశాల కావలెనన్నచో బడికి, ఆసుపత్రికి, మంచినీటి బావికి ఇచ్చినట్లుగనే ప్రభుత్వమును, ఊరివారును కలిసి దానికి ధనమీయవలెను. ఎవరైన ఉదారులు పరిహారముపేర సాయము చేయదలచినచో తీసికొనవచ్చును గాని, దానికి బదులుగా వారికి పాపవిముక్తి పత్రము వ్రాసియీయ నక్కరలేదు.

మీ ఊరిలో ఇట్టి కేంద్రము పెట్టుదుమని ఎవరైన వచ్చినచో మూడు ప్రశ్నలు అడుగుడు. నాలుగవ ఏట బ్యాటరీ మార్చునదెవరు? చెడిన ఫలకమును బాగుచేయుట మా పిల్లలలో ఎవరికి నేర్పుదురు? మా పేర ఎన్ని టన్నులు వ్రాసికొని ఎవరికి అమ్ముచున్నారు? వీనికి తిన్నని జవాబు వచ్చినచోట కేంద్రము నిలుచును.

నల్లవాడు పల్లెలో ఆ ఉదయమున మైకు పలుకుటచే ఎంత బొగ్గుపులుసు వాయువు తగ్గినదని ఎవరును అడుగలేదు. అడిగియున్నచో జవాబు సున్నయే. ఆ మైకు కాపాడినది మనుష్యులను. ఊరి గణకశాలకు ఖర్చు పెట్టునప్పుడు మనము ముందుగా చూడవలసిన లెక్క అది.